యురేనియం పోయింది, సీసం మిగిలింది: ఒంగోలు కొండల్లో భూపటలం అడుగు

మార్కాపురంలో బస్సెక్కి పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలు చేరాలంటే వంద కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. రాళ్ళు తెలిసినవాళ్ళకి మాత్రం అది భూమి లోపలికి దిగే దారి. మార్కాపురం పలకరాయి ఒకప్పటి బురద; నీళ్ళ అడుగున పేరుకుని, నొక్కుకుపోయి, కాస్త వేడి తగిలి గట్టిపడింది, అంటే భూమి పైపొర సరుకు. పొదిలి వైపు వచ్చేసరికి నెల్లూరు శిస్టు పట్టీ తగులుతుంది, దక్షిణాన గూడూరు, సైదాపురం మైకా గనులున్నది కూడా ఈ పట్టీలోనే, ఇవి ఇంకాస్త లోతున ఉడికిన రాళ్ళు. ఇంకా తూర్పుకి వచ్చి ఒంగోలు చుట్టుపక్కల కొండల్ని చూస్తే చాలావరకు చార్నొకైట్, ఖొండలైట్ అనే రాళ్ళు. సుమారు 160, 170 కోట్ల ఏళ్ళ కిందట ఇవి పాతిక కిలోమీటర్ల లోతున, 900 డిగ్రీలు దాటిన వేడిలో మగ్గినవి. తర్వాత ఖండాల రాపిడిలో ఈ ముక్క పడమటి రాళ్ళ మీదికి ఎక్కింది, మీదున్న బరువంతా కోట్ల ఏళ్ళ వానలకి, గాలికి అరిగి కొట్టుకుపోయింది. మిగిలిందే ఇప్పుడు మనం కంకర కొట్టి రోడ్లకి పోస్తున్న నల్లరాయి.

ఖండాల కింద భూపటలం మందం మామూలుగా 35, 40 కిలోమీటర్లు ఉంటుంది. మనిషి తవ్విన అన్నిటికన్నా లోతైన బోరు రష్యాలోని కోలా దగ్గర 12,262 మీటర్ల వరకే వెళ్ళింది, అది కూడా సుమారు ఇరవై ఏళ్ళ తంటాలు పడ్డాక, 1989లో. అంటే పటలం కింది భాగాన్ని ఇంతవరకు ఎవరూ చేత్తో ముట్టింది లేదు. దాని గురించి తెలియాలంటే దారులు తక్కువ. భూకంప తరంగాలు ఎంత వేగంగా పోతున్నాయో చూడటం ఒకటి, కానీ అది ఇప్పుడెలా ఉందో చెబుతుందిగానీ గతం చెప్పదు. అగ్నిపర్వతం పైకి తన్నుకొచ్చేటప్పుడు లోపలి గోడల నుంచి ఊడి లావాతో పాటు వచ్చిన రాతిముక్కలు ఒకటి, వీటిని జెనోలిత్‌లు అంటారు. ఇక మూడోది ఒంగోలు కొండల్లాగా మొత్తం ముక్కకి ముక్కే పైకి లేచిన చోటు.

సరే, రాయి దొరికింది. దాని వయసు తేల్చడానికి జిర్కాన్ అనే ఖనిజం గింజలున్నాయి, ఆ పద్ధతి బాగా పాతుకుపోయింది, దాని జోలికి ఇక్కడ పోను. నాకు ఆసక్తి కలిగించేది వేరే ప్రశ్న. అంత లోతులో, అంత వేడిలో ఉన్నప్పుడు ఆ రాయి ఏం పోగొట్టుకుంది, ఎప్పుడు పోగొట్టుకుంది? లేని వస్తువు ఎప్పుడు పోయిందో కనిపెట్టడం మామూలుగా కుదిరే పని కాదు. సీసం ఐసోటోపులు చేసేది సరిగ్గా అదే.

సీసంలో సహజంగా నాలుగు రకాలున్నాయి: 204, 206, 207, 208. రసాయనంగా నాలుగూ ఒకటే, బరువు మాత్రమే తేడా. 204 రకం భూమి పుట్టినప్పుడు ఎంత ఉందో ఇప్పటికీ అంతే, ఏ మూలకమూ విచ్ఛిన్నమై దాన్ని కొత్తగా పుట్టించదు. మిగతా మూడూ పెరుగుతూనే ఉంటాయి. యురేనియం 238 నుంచి సీసం 206 వస్తుంది, అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 446.8 కోట్ల ఏళ్ళు. యురేనియం 235 నుంచి 207 వస్తుంది, అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్ళు మాత్రమే. థోరియం 232 నుంచి 208, అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్ళ పైమాటే. మారని 204తో మిగతావాటిని భాగిస్తే వచ్చే నిష్పత్తులే ఈ విద్యలో అన్నిటికీ ఆధారం. రాతిలో యురేనియం ఎక్కువుంటే 206/204 త్వరగా పెరుగుతుంది, తక్కువుంటే నత్తనడక నడుస్తుంది.

యురేనియంలో రెండు రకాలుండటం, రెండూ వేర్వేరు వేగాలతో తరిగిపోవడం మన అదృష్టం. రెండు చెరువులు అనుకోండి, ఒకదానికి పెద్ద తూము, ఇంకొకదానికి చిన్న తూము. 455 కోట్ల ఏళ్ళ కిందట, అంటే భూమి పుట్టినప్పుడు, రెండూ ఒకేసారి తెరిచారు. పెద్ద తూము చెరువు, అంటే యురేనియం 235, ఎప్పుడో ఖాళీ అయిపోయింది, మొదటున్నదాంట్లో ఇప్పుడు మిగిలింది నూటికి ఒక పాలు చిల్లర. చిన్న తూము చెరువులో ఇంకా సగం నీళ్ళున్నాయి. కాబట్టి ఏ ఆయకట్టులోనైనా పెద్ద తూము నీళ్ళు దండిగా పారిన గుర్తులుంటే, ఆ భూమి చాలా తొలినాళ్ళ నుంచీ సాగులో ఉందని అర్థం. ఆలస్యంగా వచ్చినవాడికి ఆ నీళ్ళు ఎంత కావాలన్నా దొరకవు. అలాగే ఒక రాతిలో 206తో పోలిస్తే 207 ఎక్కువుంటే, దాని పూర్వీకులు భూమి బాల్యంలోనే యురేనియం దండిగా ఉన్న చోట ఉన్నారన్నమాట.

ఇప్పుడు కింది పటలం సంగతి. రాయి లోతుకి పోయి వేడెక్కేకొద్దీ దానిలోని నల్ల మైకా, హార్న్‌బ్లెండ్ లాంటి నీళ్ళున్న ఖనిజాలు నిలవలేవు. విరిగిపోయి పైరాక్సీన్‌గా మారతాయి, నీళ్ళు బయటికి వస్తాయి, రాయి కొంత కరిగి ఆ ద్రవం పైకి ఎగబాకుతుంది. చార్నొకైట్‌ని గుర్తుపట్టేదే నీళ్ళు లేని హైపర్‌స్థీన్ అనే పైరాక్సీన్‌తో. (ఈ రాతికి చార్నొకైట్ అని పేరు పెట్టింది థామస్ హాలండ్ అనే భూవిజ్ఞాని, కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయిని చూసి; ఆ రాయి మద్రాసు దగ్గర నుంచి పోయిందట.) ఇలా నీళ్ళూ ద్రవమూ పోయేటప్పుడు ఊరికే పోవు. పొటాషియం, రుబీడియం, థోరియం కొంత, అందరికన్నా హుషారుగా యురేనియం వాటితో వెళ్ళిపోతాయి, ఎందుకంటే యురేనియంలో చాలా భాగం ఖనిజాల లోపల గట్టిగా ఇరుక్కుని ఉండదు, గింజల మధ్య సందుల్లో, అంచుల్లో ఉంటుంది. సీసం కూడా కొంత పోతుంది గానీ ఎక్కువ భాగం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో కూర్చుని కదలదు.

ప్రపంచం మొత్తానికి కట్టిన సగటు లెక్కలు చూస్తే తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. పై పటలంలో యురేనియం పది లక్షల పాళ్ళకి 2.7 పాళ్ళు, కింది పటలంలో 0.2. సీసం పైన 17, కింద 4. యురేనియం పదమూడో వంతుకి పడిపోతే సీసం నాలుగో వంతుకి మాత్రమే పడిపోయింది. అందుకే యురేనియం 238ని సీసం 204తో భాగిస్తే వచ్చే అంకె పైన 10 దగ్గర ఉంటే కింద 3 దగ్గర ఉంటుంది.

ఈ తేడా ఎంత పని చేస్తుందో ఒకసారి లెక్క కట్టి చూద్దాం, పెద్ద గణితమేం లేదు. 170 కోట్ల ఏళ్ళ కిందట రెండు రాళ్ళు ఒకే సీసంతో మొదలయ్యాయనుకుందాం, రెండిటిలోనూ 206/204 విలువ 15.8. మొదటిది పైన ఉండిపోయింది, దాని యురేనియం, సీసం నిష్పత్తి 9. రెండోది కిందికి పోయి యురేనియం పోగొట్టుకుంది, దాని నిష్పత్తి 3. ఇవాళ్టికి మొదటి రాతిలో 206/204 విలువ 2.7 పెరిగి 18.5 అవుతుంది. రెండో దానిలో 0.9 మాత్రమే పెరిగి 16.7 దగ్గర ఆగిపోతుంది. ఇప్పటి పరికరాలు ఈ విలువని దశాంశం తర్వాత మూడో అంకె దాకా కొలుస్తాయి, కాబట్టి 18.5కీ 16.7కీ మధ్య తేడా అంటే గుమ్మంలోంచి కనబడే తేడా. అదే 207/204 సంగతి చూడండి: మొదటి దానిలో 0.28, రెండో దానిలో 0.09 పెరిగింది, అంతే. అప్పటికే యురేనియం 235 చాలావరకు అయిపోయింది మరి. అంటే 206 చూస్తే ఇటీవలి వందల కోట్ల ఏళ్ళలో యురేనియం ఉందా పోయిందా తెలుస్తుంది, 207 చూస్తే అంతకు ముందు తరాల సంగతి తెలుస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పోయింది ఎప్పుడో కూడా లెక్క కట్టవచ్చు.

థోరియం ఇంకో సాక్షి. కింది పటలంలో థోరియం కూడా తగ్గుతుంది, కానీ యురేనియం అంతగా తగ్గదు, మోనజైట్ లాంటి ఖనిజాలు దాన్ని పట్టుకుని ఉంటాయి. సగటున పై పటలంలో థోరియం యురేనియంకి నాలుగు రెట్లుంటే కింద ఆరు రెట్లు. దాంతో 206 ఎదగక కుంటుతున్న రాతిలో 208 మాత్రం అంతగా వెనకబడదు. తక్కువ 206, దానికి తగనంత ఎక్కువ 208, ఈ రెండూ కలిసి కనిపిస్తే ఆ సీసం లోతు నుంచి వచ్చిందని అనుమానించాల్సిందే. చాలా గ్రానైట్లు ఏ లోతు రాయి కరిగితే పుట్టాయో తేల్చడానికి ఇదే గుర్తు వాడతారు.

ఇక ఈ సీసాన్ని రాతిలో ఎక్కడ వెతకాలి? బ్లాక్ గెలాక్సీ పేరుతో అమ్మే చీమకుర్తి రాతి పలకని దగ్గర్నించి చూడండి. నల్లటి నేల మీద బంగారు చుక్కలు, అందరి కళ్ళూ వాటి మీదే, ఎగుమతుల ధర నిర్ణయించేవి కూడా అవే. ఆ చుక్కలు బ్రాంజైట్, ఇది కూడా పైరాక్సీనే. (గ్రానైట్ అని అమ్ముతారు గానీ అది గాబ్రో జాతి రాయి, వ్యాపారంలో పాలిష్ పట్టే ప్రతి గట్టిరాయీ గ్రానైటే.) సీసం కొలిచేవాళ్ళకి కావలసింది మాత్రం చుక్కల మధ్యలో ఎవరూ పట్టించుకోని ప్లేజియోక్లేజ్, అంటే ఫెల్డ్‌స్పార్. సీసం అణువు సైజు పొటాషియం, స్ట్రోంటియం సైజుకి దగ్గర, కాబట్టి ఫెల్డ్‌స్పార్‌లో హాయిగా ఇముడుతుంది. యురేనియం ఇమడదు. కాబట్టి ఫెల్డ్‌స్పార్ గట్టిపడిన రోజు ఏ సీసం లోపలికి పోయిందో అదే దాదాపుగా మారకుండా ఉండిపోతుంది, కొత్తగా పుట్టించే తల్లి మూలకం లోపల లేదు గనక. అమెజోనైట్ అనే ఆకుపచ్చ ఫెల్డ్‌స్పార్‌కి ఆ రంగు రావడానికి కూడా లోపలి సీసమే ఒక కారణం. సైదాపురం వైపు పెగ్మటైట్లలో, అంటే చాలా పెద్ద గింజలున్న రాళ్ళలో, అరచేతి కన్నా పెద్ద పొటాషియం ఫెల్డ్‌స్పార్ ముక్కలు దొరుకుతాయి, ఈ పనికి అంతకన్నా తేలికైన సరుకు ఉండదు. సీసపు ఖనిజం గెలీనా ఇంకా నమ్మకమైనది, వినుకొండ దగ్గర అగ్నిగుండాలలో ఒకప్పుడు హిందుస్థాన్ జింక్ వాళ్ళు తవ్వింది అదే, కానీ అది అన్ని రాళ్ళలోనూ దొరకదు కదా.

గింజల్ని ఏరి, పొడి చేసి, నేరుగా కొలిస్తే అయిపోదు. ఫెల్డ్‌స్పార్ పగుళ్ళలో తర్వాత వచ్చి చేరిన యురేనియం, దాని పిల్ల సీసం ఉంటాయి. అందుకని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో విడతలు విడతలుగా కడుగుతారు, పైపై మురికి ముందు పోతుంది, చివరికి మిగిలిన గింజని కరిగించి కొలుస్తారు. దీనికన్నా పెద్ద టెన్షన్ గాలిలో సీసం. మన దేశంలో 2000 దాకా పెట్రోలులో సీసం కలిపి అమ్మారు. దుమ్ములో, రంగుల్లో, బ్యాటరీల్లో అంతటా అదే. క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ బాధ పడలేకే ప్రత్యేకంగా శుభ్రమైన ల్యాబు కట్టుకున్నాడు, అరిజోనాలో పడిన కాన్యన్ డయాబ్లో ఉల్కలోని సీసాన్ని కొలిచి 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు, ఆ తర్వాత జీవితంలో చాలా భాగం పెట్రోలు సీసం మీద పోరాడాడు. ఆ ఉల్కలో 206/204 విలువ 9.3. యురేనియం దాదాపు లేని ముక్క కాబట్టి అది సౌరమండలం పుట్టినప్పటి సీసం. పైన లెక్కలో వాడిన 206/204 విలువలన్నిటి వెనకా మొదలు ఈ 9.3యే.

కథ ఇక్కడితో సాఫీగా అయిపోతే ఈ వ్యాసం రాసే పనే లేదు. 206/204ని అడ్డంగా, 207/204ని నిలువుగా పెట్టిన గ్రాఫు మీద, ఉల్క నుంచి మొదలుపెట్టి భూమి మొత్తానికి ఇవాళ సగటు సీసం ఎలా ఉండాలో ఒక గీత గీయవచ్చు, దాన్ని జియోక్రోన్ అంటారు. భూమిలోని సరుకంతా కలిపి చూస్తే ఆ గీత మీద పడాలి. కానీ సముద్రం అడుగు బసాల్టులు, దీవుల లావాలు, ఖండాల పైపొర, ఏది కొలిచినా ఎక్కువ భాగం గీతకి కుడివైపే, అంటే 206 ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. అందరూ కుడివైపే ఉంటే లెక్క సరిపోవడానికి ఎడమవైపు ఎవరో దాక్కుని ఉండాలి. దీన్నే సీసం వైరుధ్యం అంటారు. ఆ దాక్కున్నవాడు ఎవరని వెతికితే మొదట అందరి వేలూ కింది పటలం వైపే చూపించింది. స్కాట్‌లండ్ వాయవ్యాన లూయిసియన్ అనే పురాతన గ్రాన్యులైట్లని, అంటే చార్నొకైట్లలాగే లోతున, బాగా వేడిలో మగ్గిన రాళ్ళని, స్టీఫెన్ మూర్‌బాత్ బృందం 1969లో కొలిచినప్పుడు సీసం సరిగ్గా అలాగే, గీతకి బాగా ఎడమవైపున కనిపించింది, యురేనియం 290 కోట్ల ఏళ్ళ కిందటే పోయినట్టు లెక్క తేలింది. హమ్మయ్య దొంగ దొరికాడు అనుకున్నారు.

కానీ 1990లో రాబర్టా రడ్నిక్, స్టీవెన్ గోల్డ్‌స్టీన్ వేర్వేరు ఖండాల అగ్నిపర్వతాల్లో దొరికిన కింది పటలం జెనోలిత్‌ల సీసం చూశారు. లూయిసియన్‌లాగా లేవు. చాలావాటి సీసం అంత వెనకబడి లేదు, కొన్నయితే గీతకి కుడివైపే పడ్డాయి. 250 కోట్ల ఏళ్ళకి పైబడిన ఆర్కియన్ రాళ్ళలో యురేనియం కరువు గట్టిగా కనిపిస్తుంది, ఆ తర్వాతి కాలపు కింది పటలంలో అంతగా లేదు. ఎందుకంటే కింది పటలం అనేది పైనుంచి దిగిపోయి ఎండిపోయిన పాత రాయి మాత్రమే కాదు. పటలం కింద ఉండే మాంటిల్ అనే పొర నుంచి బసాల్టు ద్రవం వచ్చి పటలం అడుగున పేరుకుంటుంది, లోపలికి చొచ్చుకుంటుంది, తన సీసం తను తెచ్చుకుంటుంది. చీమకుర్తి గాబ్రో అలాంటిదే: చుట్టూ ఉన్న గ్రాన్యులైట్ల మధ్యకి మాంటిల్ ద్రవం వచ్చి నెమ్మదిగా గడ్డకట్టిన ముద్ద. పాత సీసం, కొత్త సీసం కలిసిపోతే సగటు విలువ మధ్యలో ఎక్కడో పడుతుంది.

అందుకే సీసం వైరుధ్యాన్ని కింది పటలం ఒక్కటే తీర్చలేదన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే మాట. భూకేంద్రంలోని ఇనుము తొలినాళ్ళలో సల్ఫైడ్లతో పాటు కొంత సీసాన్ని మింగేసిందనే వాదన ఉంది, మాంటిల్‌లోనే సల్ఫైడ్ ముక్కల్లో పాత సీసం చిక్కుకుని ఉందనే వాదన ఇంకొకటి. నా మటుకు నాకు ఒక్క దొంగ కథ మొదటి నుంచీ అనుమానమే, అంత పెద్ద లెక్కలో తలా కాస్త బాకీ ఉండటమే సహజం.

మన కొండలకి తిరిగొస్తే, తూర్పు కనుమల మీద 2001లో రికర్స్, మెజ్గర్, రైత్ చేసిన పనిలో నియోడిమియం, స్ట్రోంటియం, సీసం మూడూ కలిపి చూసి ఆ కొండల్ని వేర్వేరు ముక్కలుగా విడగొట్టారు. మ్యాపు మీద ఒకే కొండల వరస లాగా కనిపించేది వేర్వేరు పుట్టుకలున్న ముక్కలు అతుక్కున్నదని తేలింది, గోదావరికి దక్షిణాన ఉన్న ఒంగోలు ముక్క చరిత్ర ఉత్తరపు ముక్కలతో కలవదు. రాయి రంగు చూసి, గింజలు చూసి చెప్పలేని మాట ఇది. విశాఖ దగ్గరి ఖొండలైట్, ఒంగోలు ఖొండలైట్ పక్కపక్కన పెడితే మామూలు కంటికి అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

మరి ఈ చార్నొకైట్ల నుంచి పోయిన యురేనియం ఎక్కడికి పోయింది? పైకి. ఇక్కడ ఒక తొందరపాటు మాట చాలామంది నోట వస్తుంది: కనిగిరి గ్రానైట్‌లో యురేనియం, థోరియం, నియోబియం ఖనిజాలున్నాయి కదా, అణుఖనిజాల సంస్థ వాళ్ళు ఎప్పటి నుంచో సర్వేలు చేస్తున్నారు కదా, అదే ఇది అని. కుదరదు. కనిగిరి గ్రానైట్ వయసు సుమారు 128 కోట్ల ఏళ్ళు, ఒంగోలు రాళ్ళు ఉడికిన కాలానికి ముప్ఫై కోట్ల ఏళ్ళ తర్వాతది. ఒంగోలు రాళ్ళ మీద అప్పుడున్న పైపొర, దానితో పాటే ఆ యురేనియం, అరిగిపోయి సముద్రాల పాలయ్యాయి. కనిగిరి గ్రానైట్ ఏ రాయి కరిగి పుట్టిందో తెలియాలంటే అడగాల్సింది దాని ఫెల్డ్‌స్పార్‌నే, అందులోని 206, 207, 208లని ఒంగోలు చార్నొకైట్లతో, పొదిలి వైపు శిస్టులతో పోల్చి చూడాలి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒంగోలు కొండలు పటలం అడుగున ఉన్నమాట నిజమేగానీ ఇప్పుడు లేవు. ఇవాళ ఒంగోలు కింద ముప్ఫై కిలోమీటర్ల లోతున ఉన్న రాయి ఇదే కానక్కర్లేదు, ఆ తర్వాత కూడా కిందికి కొత్త ద్రవాలు వచ్చి ఉండవచ్చు, పాతది కొంత ఊడి మాంటిల్‌లోకి జారిపోయి ఉండవచ్చు. పైకొచ్చిన ముక్కలో ఉన్నది అది పైకి రావడం మొదలుపెట్టేదాకా జరిగిన చరిత్ర. అందుకే జెనోలిత్‌లు, ఇలాంటి కొండలు రెండూ కావాలి, రెండిటి సాక్ష్యం కలవనప్పుడు ఒకదాన్ని కొట్టిపారేయకుండా అవి వేర్వేరు కాలాల సంగతి చెబుతున్నాయేమో ముందు చూడాలి.

ఇదే పద్ధతిని అంటార్కిటికాలో ఇంకా కష్టమైన చోట వాడుతున్నారు. ఒకప్పుడు మన తూర్పు తీరాన్ని ఆనుకుని ఉన్న తూర్పు అంటార్కిటికాలో రాయి చాలావరకు కిలోమీటర్ల మందం మంచు కింద ఉంది, తవ్వడం కుదరదు. మంచు జారుతూ జారుతూ అడుగు రాయిని గీకి, ఆ గింజల్ని సముద్రంలో పోస్తుంది. ఆ బురదలోంచి ఫెల్డ్‌స్పార్ గింజలు ఏరి, ఒక్కొక్క దాని సీసం కొలిచి, మంచు కింద ఏ వయసు, ఏ జాతి పటలం ఉందో పటం గీస్తున్నారు. ఒంగోలు దగ్గర ఆ బాధ లేదు, క్వారీ గట్టున పడేసిన ముక్క ఏరుకుంటే చాలు.